జైల్లో సైకోపతీ కొలవాలంటే ఏ స్కేలు? ముందు ఫైలు మందం చూడండి

చంచల్‌గూడలోనో చర్లపల్లిలోనో థీసిస్ పని పెట్టుకున్న ఎంఫిల్ విద్యార్థి అయినా, కోర్టు నుంచి అభిప్రాయం రాయమని కాగితం అందుకున్న సైకియాట్రిస్టు అయినా, సైకోపతీ (జాలి, పశ్చాత్తాపం లేకుండా ఎదుటివాళ్ళను వాడుకునే స్వభావం) అనగానే వెతికేది పీసీఎల్-ఆర్‌నే (సైకోపతీ చెక్‌లిస్ట్-రివైజ్డ్). పేరున్న స్కేలు కదా. అయితే స్కేలు పేరు తర్వాత సంగతి, ముందు రెండు విషయాలు తేల్చుకోవాలి. ఈ స్కోరు చూసి ఎవరు ఏ నిర్ణయం తీసుకుంటారు? ఆ ఖైదీ గురించి చేతికి వచ్చే కాగితం ఎంత? చాలా ప్రాజెక్టులు రెండో ప్రశ్న దగ్గరే కూలబడతాయి. ఫైలు పలచగా ఉంటే పీసీఎల్-ఆర్ జోలికి పోవద్దు. దానికి బదులు ఏం వాడవచ్చో, ఒక్కో దానిలో ఎక్కడ కాలు జారుతుందో ఇక్కడ చూద్దాం.

ముందుగా ఒక చిక్కు విడదీయాలి. సైకోపతీ, యాంటీసోషల్ పర్సనాలిటీ డిజార్డర్ ఒకటి కావు. అమెరికా సైకియాట్రిస్టుల రోగనిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-5 ప్రకారం రెండోదానికి ఏడు లక్షణాల్లో మూడుంటే చాలు, వయసు 18 దాటాలి, 15 ఏళ్ళలోపే ప్రవర్తన సమస్యల ఆనవాళ్ళు ఉండాలి. ఆ లక్షణాల్లో ఎక్కువ భాగం నేరప్రవర్తన చుట్టూనే తిరుగుతాయి కాబట్టి జైల్లో సగం మందికి అది వర్తిస్తుంది. 12 దేశాల 62 సర్వేలను కలిపి చూసిన 2002 నాటి లాన్సెట్ సమీక్షలో మగ ఖైదీల్లో 47 శాతం ఆ కోవలోకి వచ్చారు. పీసీఎల్-ఆర్‌లో 30 దాటినవాళ్ళు మాత్రం ఇంగ్లండ్, వేల్స్ జైళ్ళలో 2009లో అచ్చయిన సర్వే ప్రకారం మగవాళ్ళలో 7.7 శాతం, ఆడవాళ్ళలో 1.9 శాతం. ఉత్తర అమెరికా జైళ్ళలో ఈ అంకె ఇంకా ఎక్కువ వస్తుంది. రౌడీషీట్ ఉన్న ప్రతివాడూ సైకోపాత్ కాడని చెప్పడానికి ఈ రెండు అంకెల మధ్య దూరమే చాలు.

పీసీఎల్-ఆర్: ఫైలు ఉంటేనే

కెనడా సైకాలజిస్టు రాబర్ట్ హేర్ 1980లో 22 అంశాలతో మొదలుపెట్టి, 1991లో 20 అంశాలకు కుదించి, 2003లో రెండో కూర్పు తెచ్చిన స్కేలు ఇది. ఒక్కో అంశానికి 0, 1 లేదా 2, గరిష్ఠం 40. సైకోపాత్ అనడానికి అమెరికా, కెనడాల్లో 30ని గీతగా పెట్టుకుంటారు. యూరప్‌లో చాలాచోట్ల 25. అంశాలు నాలుగు గుంపులుగా ఉంటాయి: ఎదుటివాళ్ళతో మెలిగే తీరు 4, భావోద్వేగం 4, జీవనశైలి 5, నేరచరిత్ర 5. విచ్చలవిడి లైంగిక సంబంధాలు, ఎక్కువ కాలం నిలవని పెళ్ళిళ్ళు అనే రెండూ ఏ గుంపులోకీ చేరవు.

గంటన్నర నుంచి రెండు గంటల ఇంటర్వ్యూ, కనీసం గంట ఫైలు చదవడం, ఆపైన స్కోరింగ్. ములాఖత్ వేళలు, లెక్క తీసే సమయం, సాయంత్రం లాకప్ పోను ఒక రోజులో ఇద్దరికి మించి తెమలదు. 40 మంది శాంపిల్ అని సినాప్సిస్‌లో రాసేముందు ఈ లెక్క వేసుకోవాలి. అందులో కొందరినైనా రెండో రేటర్ (స్కోరు వేసే మనిషి) విడిగా స్కోరు చేయాలి, ఆయనకూ ఆ గంటలే పడతాయి.

మాన్యువల్‌లో మార్పులేని నియమం ఒకటుంది. ఫైలు బలంగా ఉంటే ఇంటర్వ్యూ లేకుండా స్కోరు చేయవచ్చు, ఇంటర్వ్యూ మాత్రమే ఉంటే చేయకూడదు. అబద్ధాలు చెప్పడం, మోసగించడం కొలిచే స్కేలుకి ఆ మనిషి మాటే ఆధారమైతే ఇంకేం కొలిచినట్టు?

మరి ఇక్కడ ఫైలు అంటే ఏమేం దొరుకుతాయి? శిక్షపడిన ఖైదీకి హిస్టరీ టికెట్ (జైల్లో అతని వివరాలు రాసే కార్డు), జైలు శిక్షల రిజిస్టరు, జైలు ఆస్పత్రి రికార్డు, తీర్పు ప్రతి, ఎఫ్ఐఆర్, చార్జ్‌షీటు, పెరోల్ దరఖాస్తు మీద వచ్చిన పోలీసు నివేదిక. బడిలో ఎలా ఉండేవాడు, పన్నెండేళ్ళ లోపు ఏం చేశాడు, పని ఎందుకు మానేశాడు అన్నవి వీటిలో దేనిలోనూ ఉండవు. వాటికోసం ఇంటివాళ్ళతో మాట్లాడాలి. ఖైదీ అనుమతి తీసుకుని తల్లినో అన్ననో వేరే రోజు, వేరేచోట కలవాలి. ములాఖత్ జాలీ దగ్గర అతని ఎదుటే అడిగితే వచ్చే జవాబు పనికిరాదు.

నేరాల వైవిధ్యం లెక్కవేసేటప్పుడు కొత్తవాళ్ళు తప్పకుండా బోల్తాపడే చోటు ఒకటుంది. రాత్రిపూట ఇంట్లో దొంగతనం కేసు ఒక్కటే అయినా ఎఫ్ఐఆర్‌లో 457, 380, 411 అని మూడు ఐపీసీ సెక్షన్లు ఉంటాయి. అవి మూడు రకాల నేరాలు కావు, ఒకే పని. పైగా 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) వచ్చింది. పాత 380 ఇప్పుడు 305 అయింది. ఒకే మనిషి రికార్డులో పాత కేసుకి 380, కొత్త కేసుకి 305 కనిపిస్తే అదీ రెండు రకాలు కాదు. పీడీ యాక్ట్ (ముందస్తు నిర్బంధ చట్టం) కింద నిర్బంధం అంటే నేరం రుజువైనట్టు కాదు. రౌడీషీట్‌లో ఉండేది పోలీసుల అంచనా. వీటిలో దేన్ని లెక్కలోకి తీసుకుంటారో మొదటి ఖైదీని చూడకముందే కాగితం మీద రాసి ఇద్దరు రేటర్లూ సంతకం పెట్టుకోవాలి. పదిహేనో కేసు దగ్గర గుర్తొచ్చి నియమం మారిస్తే వెనక పద్నాలుగూ మళ్ళీ చేయాల్సిందే.

మన దగ్గర జారే అంశాలు ఇంకా ఉన్నాయి. ఇతరుల మీద పడి బతకడం అన్నదాన్ని ఉమ్మడి కుటుంబంలో ఎలా స్కోరు చేస్తారు? ముప్పై ఏళ్ళ కొడుకు తల్లిదండ్రుల ఇంట్లో ఉంటూ పొలం పని చేస్తుంటే అది 0. పనిచేయగలిగీ చేయకుండా భార్య బీడీలు చుట్టి తెచ్చిన డబ్బు గుంజుకుంటూ, అడిగితే కొడుతుంటే అది వేరే కథ. ఎవరి ఇంట్లో ఉంటున్నాడన్నది కాక, ఎవరిని పిండుతున్నాడన్నది చూడాలి. నిలవని పెళ్ళిళ్ళ అంశంలో ఇక్కడ ఎక్కువమందికి 0 పడుతుంది. పెళ్ళి విడిపోకుండా పట్టి ఉంచింది అతని స్వభావమా, ఊరి పెద్దమనుషులా అన్నది స్కేలుకి తెలియదు. లైంగిక సంబంధాల గురించి నిజం చెప్పేవాళ్ళు తక్కువ. సమాచారం లేకపోతే ఆ అంశం వదిలేయాలి గానీ 0 వేయకూడదు. 20లో ఐదింటి వరకూ వదిలేసి దామాషా ప్రకారం సరిదిద్దే వీలుంది. 18 అంశాలకు 24 వచ్చిందనుకోండి, 24ని 20తో హెచ్చించి 18తో భాగిస్తే 26.7. ఆ రెండిటికీ సున్నాలు వేసి ఉంటే 24 దగ్గరే ఆగేది. 25ని గీతగా పెట్టుకున్న చోట ఈ తేడాకే మనిషి అటునుంచి ఇటు పడతాడు.

అన్నిటికంటే కష్టం భావోద్వేగ అంశాలు. పశ్చాత్తాపం సంగతే చూడండి, అదీ హత్య కేసులో. "చేసినదానికి ఏమనిపిస్తుంది?" అని అడిగితే దాదాపు అందరూ ఇచ్చే జవాబు ఇలా ఉంటుంది: "మస్తు బాధయితుంది సార్. మా అమ్మ ములాఖత్‌కి వచ్చినప్పుడల్లా ఏడుస్తది. నా బతుకు ఆగమైంది." కళ్ళలో నీళ్ళు కూడా ఉంటాయి. కొత్త రేటర్ ఇక్కడ 0 వేసి ముందుకు పోతారు. కానీ ఈ మూడు వాక్యాల్లో చనిపోయినవాడు ఎక్కడా లేడు. అమ్మ ఉంది, తను ఉన్నాడు. తర్వాత అడగాల్సిన ప్రశ్న: "ఆ ఇంట్లవాళ్ళు ఇప్పుడు ఎట్లున్నరో తెలుసా?" కొందరు ఆగిపోతారు, కింద చూస్తారు, చనిపోయినవాడి కూతురి పేరు చెప్తారు. కొందరు "వాళ్ళకేం సార్, ఎక్స్‌గ్రేషియా వచ్చింది" అంటారు. తేడా అక్కడ బయటపడుతుంది. అయినా ఒక్క జవాబుతో 2 వేయకూడదు. శిక్షల రిజిస్టరులోనూ, ఇంటివాళ్ళ మాటల్లోనూ అదే తీరు కనిపించాలి. ఈ అంశాలు జీవితమంతటి తీరుకి సంబంధించినవి, ఆ పూట మూడ్‌కి కాదు.

ఇందుకే భావోద్వేగ, పరస్పర సంబంధాల అంశాల మీద రేటర్లు విడిపోయినంతగా నేరచరిత్ర అంశాల మీద విడిపోరు. కోర్టు కేసుల్లో ఇది మరీ ఎక్కువ. ఒకే ఫైళ్ళు ఇచ్చి, కొందరికి ప్రాసిక్యూషన్ తరఫున అనీ కొందరికి డిఫెన్స్ తరఫున అనీ చెప్పి చేసిన అమెరికా ప్రయోగం 2013లో అచ్చయింది. ప్రాసిక్యూషన్ అనుకున్నవాళ్ళ స్కోర్లు సగటున పైకి పోయాయి. మరొకటి, స్కేలు కొలత దోషం సుమారు 3 పాయింట్లు. 28 వచ్చిందంటే అసలు స్కోరు 25కీ 31కీ మధ్య ఎక్కడైనా ఉండవచ్చు, అదీ మూడింట రెండు వంతుల నమ్మకంతోనే. 29 వచ్చినవాణ్ణి కాదని, 30 వచ్చినవాణ్ణి ఔనని ముద్ర వేసే రిపోర్టుకి పునాది లేదు.

మాన్యువల్, స్కోరుషీట్లు మల్టీ-హెల్త్ సిస్టమ్స్ అనే కెనడా సంస్థ అర్హత చూసి అమ్ముతుంది. టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరిగే స్కాన్ పీడీఎఫ్‌తో చేసిన పని ఏ కోర్టులోనూ నిలబడదు, ఏ మంచి జర్నలూ తీసుకోదు. శిక్షణ తీసుకున్నాక కనీసం ఐదు నుంచి పది అభ్యాస కేసులు అనుభవజ్ఞుడితో పోల్చుకుని చేస్తేగాని చేయి కుదరదు. తెలుగు అనువాదం ఎవరైనా చేతికిస్తే ఒకటే అడగండి: ఇక్కడి ఖైదీల మీద పరీక్షించి గీత ఎక్కడ పెట్టాలో తేల్చారా? లేదంటే 30, 25 అన్నవి మనవి కాని అంకెలు. స్కోరును అంకెగా వాడండి, ముద్రగా వద్దు.

పీసీఎల్:ఎస్వీ: జల్లెడ పట్టడానికి

1995లో వచ్చిన 12 అంశాల పొట్టి రూపం, గరిష్ఠం 24. నేరచరిత్ర రికార్డు లేకపోయినా స్కోరు చేయవచ్చు, సమయం గంట, గంటన్నర. 12 లేదా అంతకంటే తక్కువ వస్తే అక్కడితో ఆపేయవచ్చు. 13 నుంచి 17 అనుమానం, 18 నుంచి పైకి బలమైన అనుమానం. 13, ఆపైన వచ్చినవాళ్ళకు పూర్తి పీసీఎల్-ఆర్ చేయాలి. బ్యారక్ మొత్తాన్ని చూడాల్సివచ్చినప్పుడు ఇదే సరైన దారి. ఇదీ రేటింగ్ స్కేలే కాబట్టి పక్క సమాచారం దీనికీ కావాలి. కాగితం తక్కువ అడుగుతుంది, అంతే. సర్వీసులో ఉన్న సైకాలజిస్టులకు రెండింటిలో ఒకటి కొనమంటే దీన్నే కొనమని చెప్తాం.

ఖైదీ తనే నింపే ప్రశ్నావళులు

పరిశోధకులు వీటివైపు మొగ్గడానికి కారణం తెలిసిందే: 200 మందికి వారంలో ఇవ్వవచ్చు. 1995 నాటి లెవెన్సన్ స్కేలులో 26 వాక్యాలు, 2010 నాటి ట్రైపీఎంలో 58, 2005 నాటి పీపీఐ-ఆర్‌లో 154. మొదటి రెండూ పరిశోధనకు ఉచితం, మూడోది కొనాలి. పీపీఐ-ఆర్‌కి ఒక లాభం ఉంది, అడ్డదిడ్డంగా గీతలు పెట్టినవాళ్ళనూ మంచివాడిలా కనబడాలని చూసేవాళ్ళనూ పట్టే స్కేళ్ళు లోపలే ఉన్నాయి. కానీ ఏడో తరగతి దగ్గర చదువు ఆపేసిన మనిషి 154 వాక్యాలకు కూర్చోడు. ఎనభై దాటాక అన్నీ ఒకే గడిలో టిక్కులు పడతాయి. థీసిస్‌కి ట్రైపీఎం మేలు. ధైర్యం, క్రూరత్వం, అదుపులేమి అని మూడు విడి స్కోర్లు వస్తాయి, ఒక్క మొత్తంకంటే అవి ఎక్కువ చెప్తాయి. ఇవి పీసీఎల్-ఆర్‌తో ఓ మోస్తరుగానే కలుస్తాయి. కాబట్టి ట్రైపీఎం స్కోరు చూపించి "సైకోపాత్" అనకూడదు, గుంపుల సగటులు పోల్చుకోవడానికి సరిపోతుంది.

తెలుగులోకి తెచ్చేటప్పుడు అసలు గొయ్యి వ్యతిరేక వాక్యాల దగ్గర ఉంది. "నేను ఎవరినీ మోసం చేయను" అనే వాక్యానికి ఇంగ్లిషువాడు 'నో' అంటే ఒక అర్థం. మనవాళ్ళలో ఒకరు "కాదు" అంటారు, చేస్తానని. ఇంకొకరు "లేదు, చేయను" అంటూనే 'కాదు' గడిలో టిక్కు పెడతారు, చేయనని. ఇద్దరి జవాబూ ఒకే గడి, అర్థాలు మాత్రం తలకిందులు. ఉర్దూలో చదివి వినిపించినా ఇదే తంటా. రివర్స్ స్కోరింగ్ అంశాలన్నీ (తిరగేసి మార్కులు వేసే వాక్యాలు) ఇలా పాడైతే ఆ స్కేలు అంతర్గత స్థిరత్వం, అంటే అంశాలు ఒకదానితో ఒకటి పొసగడం, కుప్పకూలుతుంది, గైడు మాత్రం శాంపిల్ బాలేదంటారు. మందు తేలికే: 'ఔను, కాదు' అని కాక "నాకు సరిపోతుంది, కొంత సరిపోతుంది, అంతగా సరిపోదు, అసలు సరిపోదు" అని గడులు పెట్టండి. మొదట పదిమందికి ఇచ్చి, టిక్కు పెట్టాక "అంటే ఏమని?" అని నోటితో అడిగి సరిచూసుకోండి. చదవలేనివాళ్ళకు చదివి వినిపించేది పరిశోధకుడే అయ్యుండాలి. వార్డర్ వద్దు, జైలు ఆఫీసులో రాతకోతలు చూసే తోటి ఖైదీ అసలే వద్దు. లంబాడీ, దక్కనీ ఉర్దూ మాట్లాడేవాళ్ళకు దుబాసీని బయటనుంచి తెచ్చుకోవాలి.

క్యాప్: మార్పు చూడాలనుకుంటే

కుక్, హార్ట్, లోగన్, మిచీ 2004లో రూపొందించిన క్యాప్‌లో (సైకోపతీ స్వభావాన్ని సమగ్రంగా అంచనా వేసే పద్ధతి) ఆరు విభాగాల కింద 33 లక్షణాలు. నేరాలను అసలు లెక్కించదు, అదే దీని గొప్ప. పీసీఎల్-ఆర్‌లో నేరచరిత్ర అంశాలు జీవితాంతం వెంట ఉంటాయి, పదేళ్ళ తర్వాత మనిషి మారినా ఆ పాయింట్లు తగ్గవు. జైల్లో కౌన్సెలింగ్ కార్యక్రమం ముందూ వెనకా కొలవాలంటే క్యాప్ సరైన ఎంపిక. కానీ గీత అంటూ లేదు, కోర్టుకి వివరించడం కష్టం.

అసలు సైకోపతీ కొలవాలా?

పెరోల్ మీద పంపితే మళ్ళీ హింసకు దిగుతాడా అన్నది ప్రశ్న అయితే హింస ప్రమాదాన్ని అంచనా వేసే హెచ్‌సీఆర్-20ని నేరుగా వాడండి. 2013 నాటి మూడో కూర్పు పీసీఎల్ స్కోరును తప్పనిసరి చేయడం మానేసింది. తాగుడు, ఉద్యోగం, ఇంటి ఆసరా, పాత పగలు, అన్నీ అందులో చూస్తారు, ఏం చేస్తే ప్రమాదం తగ్గుతుందో కూడా రాస్తారు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తనక్కర్లేదు.

ఉరిశిక్ష కేసుల్లో మరీ జాగ్రత్త. మనోజ్ కేసులో 2022లో సుప్రీంకోర్టు శిక్ష ఖరారుకు ముందు నిందితుడి మానసిక మూల్యాంకన నివేదిక తెప్పించాలని చెప్పింది కాబట్టి ఇలాంటి పని ఇక్కడ పెరుగుతోంది. అది శిక్ష తగ్గించగల పరిస్థితులు వెతకడానికి ఉద్దేశించింది. అందులోకి పీసీఎల్-ఆర్ స్కోరు చొప్పిస్తే ఫలితం తలకిందులవుతుంది. జైల్లో తీవ్ర హింసకు దిగుతాడని చెప్పడానికి ఉరిశిక్ష విచారణల్లో ఈ స్కోరు వాడరాదని 2020లో అమెరికా ఫోరెన్సిక్ నిపుణుల బృందం ఒకటి రాసింది. బీఎన్ఎస్ 22వ సెక్షన్ కింద మతిస్థిమితం వాదనకూ సైకోపతీ పనికిరాదు, అతనికి తానేం చేస్తున్నాడో తెలుసు. పద్దెనిమిది దాటనివాళ్ళ మీద ముద్రే వద్దు. యువత కోసం వచ్చిన పీసీఎల్:వైవీ కూడా గీత పెట్టలేదు.

ఎవరిని, ఎప్పుడు, ఏమని చెప్పి

2022 చివరికి దేశంలోని ఖైదీల్లో 75.8 శాతం విచారణ ఖైదీలు. అంటే శాంపిల్‌లో ఎక్కువమందికి కేసు ఇంకా నడుస్తూ ఉంటుంది. ఆ కేసు గురించి అడగకండి. చెప్పబోతే ఆపండి. రాసుకున్న కాగితాన్ని రేపు కోర్టు తెప్పించుకోవచ్చు. బలవంతపు నార్కో, పాలీగ్రాఫ్ పరీక్షలు చెల్లవన్న 2010 సెల్వి తీర్పు ప్రశ్నావళుల గురించి కాకపోయినా, ఆ స్ఫూర్తి ఇక్కడా వర్తిస్తుంది. ఒప్పుకోకపోతే రెమిషన్ (శిక్షలో తగ్గింపు) పోదని, ఒప్పుకున్నంత మాత్రాన పెరోల్ రాదని రెండూ చెప్పాలి. రెండోది ఎక్కువమంది మర్చిపోతారు. అందరూ నువ్వు అని పిలిచే చోట మీరు అని మొదలుపెడితే ఇంటర్వ్యూ తీరే మారుతుంది.

జైలుకొచ్చిన మొదటి మూడు వారాలు ఎవరినీ పరీక్షించకండి. హైదరాబాద్ చుట్టుపక్కల కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డయజెపామ్ లాంటి మత్తుమందులు కలుస్తాయి. లోపలికి రాగానే అది ఆగిపోయి వణుకు, ఫిట్స్, భ్రమలు మొదలవుతాయి. ఆ వారాల్లో ఇచ్చిన ప్రశ్నావళి కల్లు ఆగిన బాధను కొలుస్తుంది. గొప్పలు, ఆగని మాటలు ఉన్నాయంటే మేనియా (అతి ఉత్సాహపు మానసిక జబ్బు) కాదని తేల్చుకోవాలి. మొహంలో భావం లేదంటే హాలోపెరిడాల్ అనే మానసిక జబ్బు మందు నడుస్తోందేమో జైలు ఆస్పత్రి చార్టు చూడాలి. మందు వల్ల బిగిసిన మొహానికి భావరాహిత్యం కింద 2 వేసిన షీట్లు అరుదేమీ కాదు.

స్కోరుషీటు జైలు ఫైల్లోకి పోకూడదు. హిస్టరీ టికెట్‌లో 'సైకోపాత్' అని ఒక్కసారి పడితే ఆ మాట బదిలీ అయిన ప్రతి జైలుకీ అతని వెంట పోతుంది, స్కోరు 26 అని, కొలత దోషం 3 అని ఎవరూ చదవరు. సూపరింటెండెంటుకి వెళ్ళే కాగితంలో పని వాక్యాలే ఉండాలి: "రూల్స్ గురించి వాదనకు దిగుతారు. ఒకే సిబ్బందితో, ఒకే మాట మీద నడిపించండి. తోటి ఖైదీల డబ్బు లావాదేవీలు ఇతని చేతిలో పెట్టకండి."